ఇంట్లో ఫెమినిజం నడపడం ఎలా: ఇడ్లీ పిండి నుంచి ఆస్తి కాగితాల దాకా ఒక సమగ్ర మార్గదర్శి

మార్చి 8న గులాబీ పువ్వొకటి చేతిలో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి కాన్ఫరెన్స్ హాల్లో మగ మేనేజరుగారు మహిళా సాధికారత మీద మాట్లాడి, అయిపోయాక సమోసా ప్లేట్లు సర్దే పని మళ్లీ మనకే తగిలిస్తారు చూడండి, ఆ కార్యక్రమం గురించి కాదు ఇది. మిగతా 364 రోజుల సంగతి. పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర మొదలై రాత్రి పెరుగు తోడు పెట్టడంతో ముగిసే రోజుల్లో ఫెమినిజాన్ని ఇంట్లో ఎలా నడపాలన్నది విషయం. జెండాలు అక్కర్లేదు, లావుపాటి పుస్తకాలు చదవక్కర్లేదు, జుట్టు కత్తిరించుకోనక్కర్లేదు (కత్తిరించుకుంటే మీ ఇష్టం, ఎండాకాలం హాయిగా ఉంటుంది). కాస్త మొండితనం, బోలెడంత ఓపిక, ఒక జత ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు.

ఉద్యోగం చేస్తూ ఇల్లు కూడా నడిపేవాళ్లని మనసులో పెట్టుకుని రాశాను. ఇంట్లో ఉండేవాళ్లకీ పనికొస్తుంది, "ఖాళీగానే ఉంటావుగా" అనే మాట వాళ్లకే కదా ఎక్కువ తగిలేది. మగవాళ్లు చదివినా నష్టమేమీ లేదు.

మొదటి మెట్టు: గొడవకి ముందు లెక్క

"నేనూ చేస్తున్నాగా" అని ఆయన అనగానే "ఏం చేస్తున్నావ్?" అని మీరు అడిగితే, అది పదేళ్ల కిందట మీ చెల్లెలి పెళ్లిలో ఎవరు అలిగారన్న చోటికి వెళ్లి ఆగుతుంది. అందుకని ముందు లెక్క చేతిలో పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ గణాంకాల వాళ్లు 2019లో దేశమంతా తిరిగి, ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 97 చూసి పర్లేదే అనుకోకండి. అది అసలంటూ ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు, అలా చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మంది. మిగిలినవాళ్లు పేపరు చదువుతూ ఉండి ఉంటారు.

2024లో మళ్లీ అడిగారు. ఈసారి ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. అంటే ఐదేళ్లలో మనకి 10 నిమిషాలు మిగిలితే వాళ్లకీ 9 నిమిషాలు మిగిలాయి. సమానత్వం ఈ ఒక్క విషయంలో బాగానే అమలవుతోంది.

ఇక మీ ఇంటి లెక్క. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, ఒక వారం పాటు పనులు రాయండి. ఎవరు చేశారన్నది ఒక గడి. పక్కనే ఇంకో గడి గీయండి: ఆ పని చేయాలని ఎవరికి గుర్తొచ్చింది? మొదటి గడిలో ఆయన పేరు అక్కడక్కడా కనిపిస్తుంది. బిన్నులో చెత్త పడేశారు, పాలు తెచ్చారు, పాపని ట్యూషన్‌కి దింపారు. రెండో గడిలో మాత్రం పైనుంచి కిందదాకా మీ పేరే. అసలు రోగం అక్కడుంది. చేతులు ఎన్నున్నా, ఆలోచించే తల ఇంట్లో ఒక్కటే.

రెండో మెట్టు: పని ఇస్తే మొత్తం ఇవ్వండి

మా బంధువుల్లో ఒకాయన ఇడ్లీలు వేస్తాడని మంచి పేరు. ఆ పేరు లోపలికి వెళ్లి చూద్దాం.

శుక్రవారం డబ్బా కదిపి చూసి మినపగుళ్లు అయిపోయాయని గమనించాలి, శనివారం తేవాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల హడావుడిలో మర్చిపోకుండా ఒక గ్లాసు గుళ్లు నానబోయాలి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ విడిగా నానబెట్టాలి. సాయంత్రం సీరియల్ టైముకి గ్రైండర్ వేసి, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పిండి పొంగేదాకా రుబ్బాలి. రవ్వ కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బిన పిండిలో కలపాలి. మే నెలైతే పెద్ద గిన్నెలో సగానికే పోసి కింద పళ్లెం పెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి పిండి గట్టు మీదుంటుంది. జనవరి అయితే పులవదు, గిన్నెకి దుప్పటి కప్పినంత పని చేయాలి. గ్రైండర్ రాళ్ల సందుల్లో పిండి ఎండకముందే కడగాలి. పొద్దున్నే పల్లీలు వేయించి, పొట్టు తీసి, చట్నీ చేసి పోపు పెట్టాలి. అప్పుడు ఆయన లేచి వచ్చి, ప్లేట్లకి నెయ్యి రాసి, నాలుగు గరిటెలు పిండి పోసి, పొయ్యి వెలిగించి, ఫోను చూస్తూ పన్నెండు నిమిషాలు నిలబడతాడు. ప్లేట్లు సింకులో ఉంటాయి. "మా అబ్బాయి ఎంత మెత్తగా వేస్తాడో ఇడ్లీలు" అని వాళ్లమ్మ ఫోన్లో చెప్తూ ఉంటుంది.

కాబట్టి సూత్రం ఒకటే: డబ్బా కదిపి చూడ్డం నుంచి ప్లేట్లు తోమడం దాకా పని మొత్తం ఇచ్చేయాలి. మధ్యలో ముక్క ఇవ్వడమంటే బండి ఇచ్చి తాళం మన కొంగుకే కట్టుకున్నట్టు. ఏవండీ అని పిలిచినా, పేరు పెట్టి పిలిచినా ఇందులో తేడా లేదు. "సోమవారం టిఫిన్ నీది" అని చెప్పండి, ఏం చేయాలో చెప్పకండి. బయటినుంచి తెస్తాడా, ఉప్మా చేస్తాడా, వాళ్లిష్టం.

అన్నిటికంటే ముందు అప్పగించాల్సినవి ఫోన్ నంబరుతో ముడిపడ్డ పనులు. ఇది ఎవరూ చెప్పరు గానీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గ్యాస్ కనెక్షన్‌కి ఇచ్చిన మొబైల్ నంబరు మార్చి ఆయనది పెట్టించండి. బుకింగ్ మెసేజ్ ఆయనకే వస్తుంది, సిలిండర్ తెచ్చినతను కోడ్ అడిగేదీ ఆయన్నే. స్కూల్ రికార్డులో మొదటి నంబరు ఆయనది ఇవ్వండి. వాటర్ క్యాన్ అబ్బాయికి, కేబుల్ వాళ్లకి, వాచ్‌మన్‌కి అందరికీ అదే నంబరు. వారం తిరిగేసరికి మీటింగులో ఉండగా "సార్, రేపు పాపకి ఎల్లో డ్రెస్" అని ఫోనొస్తుంది. ఎల్లో డ్రెస్ ఇంట్లో ఉందో లేదో, ఉంటే పడుతుందో లేదో అన్న ఆలోచన ఆయన బుర్రలోకి మొదటిసారి అడుగుపెడుతుంది.

ఇంకో మాట. పనంతా ఆయనకీ ఇవ్వకుండా, మీరూ చేయకుండా, ఇంట్లో పనికొచ్చే ఆవిడ మీదకి నెట్టేసి మా ఇంట్లో సమానత్వం వచ్చేసిందనుకోకండి. నెలకి ఎన్ని సెలవులో ముందే మాట్లాడుకోండి, చుట్టాలొచ్చిన వారం ఎక్కువ అంట్లకి ఎక్కువ డబ్బులివ్వండి, ఒంట్లో బాలేక రాకపోతే జీతం కొయ్యకండి. మన ఆఫీసువాళ్లు కోస్తే మనం ఊరుకుంటామా?

మూడో మెట్టు: నోరు కట్టేసుకోవడం

అన్నిట్లోకీ కష్టమైంది ఇదే, ఎక్కువమంది ఇక్కడే పడిపోతారు. పని ఇచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి "అయ్యో అంత నూనా?" అన్నారంటే అయిపోయింది, "అయితే నువ్వే చేసుకో" అని గరిటె మీ చేతికొస్తుంది. ఆ గరిటె కోసమే ఎదురుచూసేవాళ్లూ ఉంటారు. ఇయర్‌ఫోన్లు ఇందుకే చెప్పాను.

మినపగుళ్లు తెమ్మంటే పొట్టు మినప్పప్పు తెస్తాడు. తెచ్చింది నానబెట్టి పొట్టు కడిగే పని కూడా తెచ్చినవాళ్లదే. చారులో పోపు మాడుతుంది. పిల్లాడు ఇస్త్రీ లేని చొక్కాతో బడికి వెళతాడు, మీ గుండె కలుక్కుమంటుంది. మిమ్మల్నే అంటారని, ఆయన్ని ఎవరూ ఏమీ అనరని మీకు తెలుసు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారే గానీ ఇంటాయన్ని చూడమన్న సామెత లేదు మనకి. అయినా ఊరుకోండి. "జీలకర్ర ఎక్కడుంది?" అంటే "వెతుకు" అనండి, ఆ ఇంట్లో ఆయనా అన్నేళ్లుగా ఉంటున్నాడు.

ఊరుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు, పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, పసిపిల్లల పాలు, పొయ్యి ఆపడం. వీటి మీద ప్రయోగాలు వద్దు. మిగతావన్నీ మాడితే మాడనీ.

నాలుగో మెట్టు: అత్తగారు

"మావాడి చేత అంట్లు తోమిస్తున్నావా?" అని ఒక రోజు అడుగుతారు. ఆ రోజు వాదించకండి. కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, "మామయ్యగారు మీకెప్పుడైనా కాఫీ పెట్టిచ్చారా అత్తయ్యా?" అని మామూలుగా అడగండి. అంతే. పురిటికెళ్లి మూడో నెలకే తిరిగొచ్చి పదిమందికి వండిన సంగతి, జ్వరంతో బావి దగ్గర నీళ్లు తోడిన సంగతి, తోడికోడలికి చీర కొని తనకి కొనని సంగతి, వరసగా బయటికొస్తాయి. మధ్యాహ్నం నిద్ర కూడా మానేస్తారు. ఫెమినిజం అనే మాట ఆవిడ ముందు అనకండి, ఆవిడకి విషయం మనకంటే బాగా తెలుసు.

అందరు అత్తగార్లూ ఇలా కరిగిపోతారని హామీ ఇవ్వను. కొందరు "మేం పడలేదా, మీరూ పడండి" దగ్గరే ఉంటారు. అలాంటి చోట వాళ్లబ్బాయే వాళ్లమ్మతో మాట్లాడాలి. కోడలు మాట్లాడితే పొగరు అంటారు, కొడుకు అదే మాటంటే అలసిపోయి ఉన్నాడు పాపం అంటారు.

ఐదో మెట్టు: మొదటి పంక్తిలో కూర్చోవడం

ఊళ్లో శుభకార్యం. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆఖర్న ఆడవాళ్లు. కోడికూర అయితే మొదటి పంక్తికి లెగ్గులూ లివరూ వెళ్లిపోయి, మన పంక్తికి మెడముక్కలు, గ్రేవీ, "అయ్యో కూర అయిపోయిందమ్మా, పెరుగేసుకో" మిగులుతాయి. వండింది మనం, మసాలా నూరింది మనం, లివరు ఎలా ఉందో చెప్పేది మామయ్య.

దీనికి ఉపన్యాసం దండగ. ఇద్దరు ముగ్గురు వదిన మరదళ్లు ముందే అనుకుని, మొదటి పంక్తి విస్తర్లు వేయగానే వెళ్లి కూర్చోండి. ఒక్కరే వెళితే లేపుతారు, ముగ్గురుంటే లేపలేరు. "మరి వడ్డించేదెవరు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "బాబాయ్ బాగా వడ్డిస్తాడు" అని పేరు పెట్టి చెప్పండి. పదిమందిలో పేరెత్తాక బాబాయ్ కాదనలేడు, పైగా వడ్డిస్తూ వడ్డిస్తూ తనే వండినట్టు మాట్లాడ్డం మొదలుపెడతాడు. పర్లేదు, లివరు వేయించుకోండి.

ఆరో మెట్టు: జేబు

చిన్న విషయంలా కనిపిస్తుంది. మగవాళ్ల షర్టుకొకటి, ప్యాంటుకి నాలుగు. మన కుర్తీకి సున్నా. రెడీమేడ్ జీన్స్‌కి ఉన్నా అందులో చిల్లర నాణెం కూడా పట్టదు. అందుకే ఫోను చేతిలో, తాళాలు నోట్లో, ఆయన పర్సూ పిల్లాడి నీళ్ల సీసా మన హ్యాండ్‌బ్యాగులో.

టైలర్ దగ్గర ఇలా చెప్పండి. గుడ్డ తీసేటప్పుడే పావు మీటరు ఎక్కువ తీసుకోండి. జేబు కుడివైపు పక్క కుట్టులో, నడుముకి కాస్త కిందగా రావాలి. పక్కన కట్స్ ఉన్న కుర్తీ అయితే కట్ మొదలయ్యే చోటు కొంచెం కిందికి దించమనండి, లేకపోతే జేబుకి చోటు చాలదు. అంబ్రెల్లా, అనార్కలీ అయితే ఏ ఇబ్బందీ లేదు. మీ ఫోను అక్కడే బయటికి తీసి కొలత ఇవ్వండి, మొత్తం మునిగి పైన రెండు వేళ్లు మిగలాలి. లోపలి గుడ్డ గట్టి కాటన్ వేయమనండి, పల్చటి లైనింగ్ వేస్తే బరువుకి సాగి మోకాలి దాకా వేలాడుతుంది. "జేబు పెడితే షేప్ పోతుందమ్మా" అంటాడు. పోనీమనండి.

ఏడో మెట్టు: ఊరికే తిరగడం

మగవాడు సాయంత్రం చెప్పులేసుకుని "అలా వెళ్లొస్తా" అంటే ఇంట్లో ఎవరూ తలెత్తరు. మనం వెళ్లాలంటే కారణం కావాలి: కూరగాయలు, గుడి, టైలరు, డాక్టరు. ఏదో ఒక సంచి లేకుండా గేటు దాటిన గుర్తుందా?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిస్తాడు. అప్పటినుంచీ టీ కొట్టు దగ్గర పెద్దమనుషుల బాధ ఒకటే, "ఆడోళ్లు పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అని. ఆ మాట అనేవాళ్లు ఆ టీ కొట్టు దగ్గరికి ఏ పని మీద వచ్చారో మాత్రం చెప్పరు.

చేయాల్సిందేంటంటే, సంచి లేకుండా బయల్దేరండి. మొదటిరోజు ఇంటి చుట్టూ చాలు. తర్వాత బస్సెక్కి నాలుగు స్టాపులు వెళ్లి, ఇరానీ హోటల్లో ఒక్కరే కూర్చుని చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిని రండి. ఎక్కడికెళ్లావని అడిగితే "ఊరికే" అనండి. మొదట్లో ఆ జవాబుకి ఇంట్లో టెన్షన్ పడతారు, తిరిగొచ్చేటప్పుడు కొత్తిమీర తేలేదేంటని కూడా అడుగుతారు. తేకండి. తెచ్చారంటే రేపట్నుంచి ఆ నడక కూడా కొత్తిమీర పనే అయిపోతుంది.

ఎనిమిదో మెట్టు: ఆఫీసు

క్లుప్తంగా. మీటింగ్ నోట్సు రాయడం, కేక్ ఆర్డర్, దీపావళి ముగ్గు, కొత్తగా చేరినవాళ్లని ఓదార్చడం, ఇవన్నీ ఎవరికీ అప్పగించకుండానే ఆడవాళ్లకి చేరతాయి. "పోయిన వారం నేను రాశాను, ఈ వారం ఆయన రాస్తారు" అని నవ్వుతూ, అందరి ముందూ అనండి. ముగ్గు వేయడం నిజంగా ఇష్టమైతే వేసుకోండి, అందులో తప్పేం లేదు, అప్రైజల్లో మాత్రం అది రాయరని గుర్తుంచుకోండి.

నవ్వులాటలో తేలని విషయం ఒకటుంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. దానికి ఒక మహిళే అధ్యక్షురాలు, బయటి వ్యక్తి ఒకరు తప్పనిసరి. కమిటీ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. మీ ఆఫీసు గోడ మీద ఆ కాగితం ఉందా లేదా అని అవసరం రాకముందే చూసుకోండి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు.

తొమ్మిదో మెట్టు: సంతకం పెట్టేముందు చదవడం

ఇడ్లీలూ జేబులూ నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు గానీ, అసలు డబ్బు ఇక్కడుంది. ఏదో ఒక ఆదివారం పుట్టింటి నుంచి ఫోనొస్తుంది. "ఊరికే ఒక సంతకం చెల్లెమ్మా, రిజిస్ట్రార్ ఆఫీసులో ఐదు నిమిషాల పని, వదిన నీకిష్టమని గోంగూర పచ్చడి పెట్టింది." ఆ ఐదు నిమిషాల పని పేరు చాలాసార్లు హక్కు విడుదల దస్తావేజు, అంటే ఆస్తిలో మీ వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం. ఒకసారి రిజిస్టరయితే వెనక్కి తెచ్చుకోవడం మహా కష్టం, పచ్చడి నెలలో అయిపోతుంది.

ఈ విషయంలో మనవాళ్లు దేశానికంటే ముందున్నారని చాలామందికి తెలీదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి. దేశమంతటికీ ఆ మార్పు 2005లో వచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చేసింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. నాన్న సొంత సంపాదన వేరే లెక్క, అది ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. వీలునామా లేకుండా పోతే మాత్రం అందులో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి, ఇతర మతాలవాళ్లకి వేరే చట్టాలు.

"నీకు పెళ్లిలో ఇచ్చేశాం కదా" అంటారు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరం. నేరం చేసి, దాన్నే వాటా కింద జమ కట్టడం ఏం లెక్కో అడగండి, అన్నయ్య దగ్గర జవాబుండదు.

చేయాల్సినవి: కాగితం నకలు ముందే అడిగి ఇంటికి తెచ్చుకోండి. మీకు తెలిసిన లాయరుకి చూపించండి, అన్నయ్యకి తెలిసిన లాయరుకి కాదు. ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూడండి. అంతా చదివాక అన్నయ్యకే ఇచ్చేయాలనిపిస్తే సంతోషంగా ఇచ్చేయండి, ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

పదో మెట్టు: జవాబులు దగ్గరుంచుకోవడం

ఇవి అప్పటికప్పుడు తట్టవు, రాత్రి పడుకున్నాక తడతాయి. అందుకని ముందే ఇస్తున్నా.

"ఈ ఫెమినిజం అంతా సిటీ ఆడవాళ్ల ఫ్యాషన్." దీనికి దూబగుంట పేరు చెప్పండి. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో రోసమ్మ, ఆమెతో పాటు రాత్రి బడికి వెళ్లే ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది జిల్లాలు దాటి పాకింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లలో ఎవరికీ కాన్ఫరెన్స్ హాల్ లేదు.

"ఆడవాళ్లకి ఆడవాళ్లే శత్రువులు." అన్నదమ్ములు గట్టు తగాదాతో ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగినప్పుడు మగవాళ్లకి మగవాళ్లే శత్రువులని ఎవరైనా అన్నారా అని అడగండి.

"పెళ్లయింది కదా, ఇంటిపేరు మార్చుకోలేదా?" మార్చుకోవాలని ఏ చట్టమూ లేదు. డిగ్రీ సర్టిఫికెట్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్ట్ అన్నిట్లో పేరు ఒకేలా ఉండటం ఎంత సుఖమో, వేర్వేరుగా ఉన్నవాళ్లని అడిగితే చెప్తారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, దాన్ని అక్షరదోషాల కోసం దాచుకోండి.

"మీ ఆయన వంట చేస్తాడటగా, ఎంత అదృష్టవంతురాలివే!" ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది, ప్రేమగానే అంటారు కాబట్టి విసుక్కోకూడదు. "అవును పిన్నీ, ఆయనా అదృష్టవంతుడే, నేను కూడా చేస్తాను" అనండి. పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "అది కాదే..." అని మొదలుపెట్టి, ఏది కాదో తేలక, బాబాయ్ వైపు ఒకసారి చూసి, కాఫీ గ్లాసులు తీయమని ఆయనకే చెబుతుంది.